సముద్రపు అడుగు పొరల్లో కాలపు హద్దులు

నిర్వచనం

భూవైజ్ఞానిక కాలమానంలో రెండు యుగాల మధ్య హద్దును రాతి పొరలో ఒక బిందువుగా గుర్తిస్తారు. డెవోనియన్ యుగం ఎప్పుడు మొదలైందని అడిగితే చాలామంది సుమారు 41 కోట్ల 90 లక్షల ఏళ్ల క్రితం అని చెబుతారు. స్తరశాస్త్రం దృష్టిలో అది అంచనా మాత్రమే. అసలు జవాబు ప్రాగ్ నగరానికి నైరుతి దిక్కున, క్లోంక్ అనే కొండవాలులో, 20వ నంబరు వేసిన సున్నపురాతి పొరలో ఉంది. పరికరాలు మెరుగైనప్పుడల్లా అంకె కాస్త అటూఇటూ జరుగుతుంది. బిందువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇలాంటి బిందువుకు లాంఛనమైన పేరు ‘ప్రపంచ హద్దు ప్రామాణిక ఛేదం, బిందువు’. ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలతో శాస్త్రజ్ఞులు దాన్ని జీఎస్‌ఎస్‌పీ అంటారు. మాటల్లో మాత్రం ‘బంగారు మేకు’ అనే పేరే నిలిచిపోయింది. కొన్ని చోట్ల నిజంగానే లోహపు బిళ్లనో మేకునో రాతిలో దిగగొట్టారు. అది బంగారంతో చేసింది మాత్రం కాదు.

మేకు ప్రతి యుగం అడుగునే నిర్ణయిస్తుంది, పై అంచును వేరుగా నిర్ణయించరు. పై యుగం ఎక్కడ మొదలైతే కింది యుగం అక్కడే ముగుస్తుంది. అందువల్ల రెండు యుగాల మధ్య ఎవరికీ చెందని ఖాళీ గానీ, ఇద్దరూ తమదే అనుకునే భాగం గానీ మిగలదు.

సముద్రపు పొరలే ఎందుకు

నేల మీద ఏటి ఒండ్రు నేడు పడుతుంది, రేపటి వరదకు కొట్టుకుపోతుంది. గాలి, వాన, ఏరు కలిసి కొండలను కరిగిస్తూనే ఉంటాయి. కాబట్టి నేల మీది రాతి పొరల్లో నడుమ పుటలు చిరిగిపోయిన పుస్తకాలే ఎక్కువ. అలల తాకిడికి అందని సముద్రపు అడుగున పరిస్థితి వేరు. అక్కడ సన్నని మట్టి, సూక్ష్మజీవుల గుల్లలు నిదానంగా రాలుతూ లక్షల ఏళ్లు ఆగకుండా పేరుకుంటాయి. లోతు సముద్రంలో సున్నపు బురద వెయ్యేళ్లకు ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు చేరుతుంది. ఎర్ర బంకమట్టి వెయ్యేళ్లకు మిల్లీమీటరు చేరడమే ఎక్కువ.

రెండో కారణం జీవులు. సముద్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. నీటి పైపొరల్లో తేలే జీవి ప్రవాహాల వెంట ఒక మహాసముద్రం నుంచి మరొకదానికి చేరుతుంది. చనిపోయాక దాని గుల్ల ఇటలీ తీరంలోనూ, ట్యునీషియాలోనూ, న్యూజిలాండ్‌లోనూ బురదలో చేరుతుంది. అడవిలో తిరిగే మృగానికి అంత విస్తృతి ఉండదు. పైగా దాని ఎముక రాయిగా మారడం చాలా అరుదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. సముద్రం నేర్పిన కాలమానమే అయినా బంగారు మేకులు దాదాపు అన్నీ నేల మీద, కొండవాలుల్లోనో సముద్రపు ఒడ్డు చరియల్లోనో ఉన్నాయి. మహాసముద్రాల అడుగు పలకలు తిరిగి భూగర్భంలోకి కుంగిపోతూ ఉంటాయి. నేటి మహాసముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లకు మించిన భాగం దాదాపు మిగల్లేదు. అంతకన్నా పాత సముద్రపు బురద దొరకాలంటే ఖండాలు ఢీకొన్నప్పుడు పైకి లేచిన మడతల్లోనే వెతకాలి. కొత్త పొరల విషయంలోనూ ఎవరైనా వెళ్లి చూడగలిగే రాతి గోడకే ప్రాధాన్యం ఇస్తారు.

చరిత్ర

డెన్మార్క్‌లో పుట్టి ఇటలీలో స్థిరపడిన నికొలాస్ స్టెనో 1666లో ఒక షార్క్ తలను కోసి పరిశీలించాడు. కొండ రాళ్లలో దొరికే ‘నాలుక రాళ్లు’ అచ్చం దాని పళ్లలాగే ఉన్నాయని గమనించాడు. 1669లో అచ్చయిన గ్రంథంలో పొరల క్రమానికి సూత్రం చెప్పాడు: చెదరని చోట కింది పొర పాతది, పైది కొత్తది. పాత ఇంటి గోడకు ఏటేటా వేసిన సున్నం పెచ్చును విరిచి చూసినవారికి ఈ సూత్రం కొత్తేమీ కాదు. రాతికి దాన్ని వర్తింపజేయడమే ఆయన చేసిన పని.

ఒక ఊరి పొరకూ మరో ఊరి పొరకూ జత కలపడానికి ఆ సూత్రం చాలలేదు. ఆ పని కాలువలు తవ్వించే సర్వేయరు విలియం స్మిత్ చేశాడు. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో బొగ్గు కాలువ కోసం నేల తవ్విస్తూ, రాళ్లు చూడటానికి ఒకేలా ఉన్నా వాటిలోని గుల్లలు వేరుగా ఉన్నాయనీ, ఏ గుల్లలు ఏ వరసలో వస్తాయో ఆ వరస ఎక్కడా మారదనీ గ్రహించాడు. ఆ అవగాహనతో 1815లో ఇంగ్లండ్, వేల్స్ భూవైజ్ఞానిక పటం వెలువరించాడు. నాలుగేళ్లకు అప్పుల పాలై జైలుకు వెళ్లాడు. లండన్ భూవైజ్ఞానిక సంఘం 1831లో తొలి వొలాస్టన్ పతకాన్ని ఆయనకే ఇచ్చింది.

చార్లెస్ లయెల్ 1833లో మరో కొలత తెచ్చాడు. పారిస్‌లో గుల్లల నిపుణుడు దెషాయ్ లెక్కల సాయంతో, ఒక పొరలోని గుల్లల జాతుల్లో నేటికీ బతికున్నవి ఎంత శాతమో చూశాడు. మూడున్నర శాతం దగ్గరుంటే ఇయోసీన్ అన్నాడు, 17 శాతం దగ్గరుంటే మయోసీన్ అన్నాడు, అంతకన్నా బాగా ఎక్కువైతే ప్లయోసీన్ అన్నాడు. శాతాలను తరవాత వదిలేశారు, పేర్లు మాత్రం నిలిచాయి. 1850లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఓపెల్ ఐరోపాలోని జురాసిక్ రాళ్లను అమోనైట్లనే సముద్ర జీవుల గుల్లల ఆధారంగా సన్నని ‘మండలాలు’గా విడదీశాడు. రాయి రంగు, గరుకుదనం చూడకుండా శిలాజాలతోనే కాలాన్ని కొలవవచ్చని అప్పుడు తేలింది.

హద్దు ఎక్కడ గీయాలన్న తగాదా కూడా ఆ శతాబ్దంలోనే మొదలైంది. వేల్స్ కొండల్లో ఆడమ్ సెడ్జ్‌విక్ కింది నుంచి, రోడరిక్ మర్చిసన్ పై నుంచి పని చేసుకుంటూ వచ్చారు. 1835లో ఇద్దరూ కలిసి కేంబ్రియన్, సిలూరియన్ అనే పేర్లు ప్రకటించారు. కొన్నాళ్లకు నడుమనున్న పొరలు ఎవరివన్న దగ్గర స్నేహం చెడింది. ఇద్దరూ పోయాక, 1879లో చార్లెస్ లాప్‌వర్త్ ఆ నడిమి పొరలకు ఆర్డోవిషియన్ అని మూడో పేరు పెట్టి తగవు తీర్చాడు. లాప్‌వర్త్ అప్పటికి స్కాట్లండ్‌లో బడి పంతులు. డాబ్స్ లిన్ అనే లోయలో నల్లని షేల్ పలకల మీద పెన్సిల్ గీతల్లా కనిపించే గ్రాప్టొలైట్లనే శిలాజాలను పొరపొరనా సేకరించాడు. సిలూరియన్ అడుగుకు బంగారు మేకు ఇప్పుడు ఆ లోయలోనే ఉంది.

కాలాన్ని సూచించే శిలాజాలు

మంచి సూచిక శిలాజానికి నాలుగు గుణాలుండాలి. జాతి త్వరగా మారిపోవాలి, దూరదూరాలకు విస్తరించాలి, విరివిగా దొరకాలి, చూడగానే పోల్చుకోగలిగేలా ఉండాలి. డైనోసారు ఎముకకు మొదటి గుణం ఉన్నా తక్కినవి తక్కువ. అందుకే జనం ఎరిగిన శిలాజాలు వేరు, కాలాన్ని నడిపే శిలాజాలు వేరు.

పాత యుగాల్లో గ్రాప్టొలైట్లు ముఖ్యం. ఇవి నీటిలో తేలుతూ గుంపుగా బతికిన జీవుల గూళ్లు. కోనోడాంట్లు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించని పళ్లలాంటి తునకలు. 1856లో వాటిని వర్ణించినప్పటి నుంచి అవి ఏ జంతువువో ఎవరికీ తెలియలేదు. 1983లో ఎడిన్‌బరో దగ్గర దొరికిన ఈల్ ఆకారపు ముద్రను వర్ణించాకే ఆ జంతువు రూపం తెలిసింది. జంతువు తెలియకపోయినా దశాబ్దాలపాటు దాని పళ్లతో కాలాన్ని కొలిచారు. స్తరశాస్త్రం పనితీరు గురించి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. జురాసిక్, క్రెటేషియస్ యుగాల్లో పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న అమోనైట్లు ఆధారం. ఆ తరవాతి కాలానికి సూక్ష్మజీవులే దిక్కు. ఫొరామినిఫెరాలు ఇసుక రేణువంత ఏకకణ జీవుల సున్నపు గుల్లలు. నానోశిలాజాలు వాటికన్నా చిన్నవైన శైవలాల సున్నపు పలకలు, చాక్ అనే తెల్లని సున్నపురాతిలో కనిపించే రకం.

ఫొరామినిఫెరాలను వేరుచేయడం ఓపికతో కూడిన పని. పిడికెడు మట్టిరాతిని నానబెట్టి విడగొడతారు. మిల్లీమీటరులో పదహారో వంతు సందులున్న జల్లెడలో కడుగుతారు. ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచె మొనతో ఒక్కో గుల్లనూ ఏరి నల్లటి పళ్లెంలో పేర్చుతారు. సెంటీమీటరుకొక నమూనా చొప్పున, వరసగా వందల నమూనాలకు ఇలా చేయాలి.

బిందువును ఎంచే పద్ధతి

అంతర్జాతీయ స్తరశాస్త్ర కమిషన్ ఈ పనిని చూస్తుంది. ముందు ఒక కార్యబృందం పోటీలో ఉన్న రాతి ఛేదాలను పరిశీలిస్తుంది. దాని సిఫారసు ఉపకమిషన్‌కు, అక్కడి నుంచి కమిషన్‌కు వెళుతుంది. ఓట్లలో కనీసం 60 శాతం రావాలి. చివరి ఆమోదం అంతర్జాతీయ భూవిజ్ఞాన సంఘాల సమాఖ్య ఇస్తుంది. ఆమోదించాక పదేళ్ల దాకా దాన్ని కదిలించరు.

ఎంపికయ్యే పొరలకు తగినంత మందం ఉండాలి. అవక్షేపం ఆగకుండా పేరుకుని ఉండాలి. మడతలు, పగుళ్లు, అధిక వేడి వల్ల చెడి ఉండకూడదు. శిలాజాలకు తోడు అయస్కాంత గుర్తులు, కార్బన్ ఐసోటోపుల మార్పులు, వీలైతే అగ్నిపర్వతపు బూడిద కూడా ఉండాలి. ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా అక్కడికి వెళ్లే వీలుండాలి. ఈ చివరి షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ జపాన్‌లో చిబా ఛేదం విషయంలో పెద్ద చిక్కే తెచ్చింది. ఆ స్థలంలోకి ప్రవేశం మీద వివాదం రేగడంతో స్థానిక నగర పాలక సంస్థ పరిశోధకుల రాకకు హామీ ఇస్తూ నిబంధన చేయాల్సి వచ్చింది. 2020 జనవరిలో ఆమోదం లభించింది. అక్కడ 7 లక్షల 74 వేల ఏళ్ల క్రితం మొదలైన దశకు, అంటే యుగంలోని చిన్న భాగానికి, చిబేనియన్ అని పేరు పెట్టారు. భూమి అయస్కాంత ధ్రువాలు చివరిసారి తారుమారైన ఘట్టం ఆ బిందువుకు దగ్గర్లోనే నమోదై ఉంది.

హద్దుకు సాధారణంగా ఒక జాతి తొలిసారి కనిపించడాన్ని గుర్తుగా తీసుకుంటారు, అంతరించడాన్ని తక్కువగా వాడతారు. అంతరించిన జీవి గుల్ల కోతకు గురై పై పొరలోకి కొట్టుకొచ్చి చేరవచ్చు. అరుదైన జీవి అయితే నిజంగా అంతరించడానికి చాలా ముందే రాతిలో కనిపించడం మానేయవచ్చు. తొలి రాకకూ లోపం ఉంది: పుట్టినచోటి నుంచి తక్కిన సముద్రాలకు పాకడానికి జాతికి సమయం పడుతుంది. ఈ కారణంగానే ఒక ముఖ్య గుర్తుకు తోడుగా రెండు మూడు సహాయక గుర్తులు అడుగుతారు. ఇయోసీన్–ఆలిగోసీన్ హద్దు దీనికి మినహాయింపు. ఇటలీలోని మాసిన్యానోలో ముళ్లున్న హాంట్కెనినా అనే ఫొరామినిఫెరా మాయమయ్యే చోటే ఆ గీత గీశారు. దాని వయసు 3 కోట్ల 39 లక్షల ఏళ్లు.

ముఖ్యమైన హద్దులు

క్లోంక్. ప్రపంచంలో మొదటి బంగారు మేకు ఇదే, 1972లో మాంట్రియల్ భూవిజ్ఞాన మహాసభ కాలంలో ఖరారైంది. గ్రాప్టొలైట్లు సిలూరియన్‌తోనే అంతరించాయని అంతకుముందు నమ్మకం. క్లోంక్ ఉన్న బొహీమియాలో అవి డెవోనియన్‌వని పేరుపడ్డ జీవులతో కలిసి ఒకే పొరల్లో దొరికాయి. అంటే ఒక దేశంలో సిలూరియన్ అంటున్నదీ మరో దేశంలో డెవోనియన్ అంటున్నదీ ఒకే కాలమన్నమాట. ఈ చిక్కు తేల్చే కమిటీ పదేళ్లకు పైగా శ్రమించి, మోనోగ్రాప్టస్ యూనిఫార్మిస్ తొలిసారి కనిపించే చోటును హద్దుగా తీసుకుంది. 20వ పొర మందం మొత్తం కలిపినా పది సెంటీమీటర్లకు మించదు. బిందువు అందులోనే ఉంది.

ఫార్చూన్ హెడ్. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో సముద్రపు చరియ మీద కేంబ్రియన్ ఆరంభాన్ని 1992లో గుర్తించారు. ఇక్కడ గుర్తు జీవి శరీరం కాదు, జీవి తిరిగిన జాడ. మెత్తని బురదలో ఏదో పురుగు తొలిచిన మెలికల బొరియకు ట్రెప్టిక్నస్ పెడమ్ అని పేరు. హద్దు వయసు సుమారు 53 కోట్ల 88 లక్షల ఏళ్లు. తరవాతి పరిశీలనల్లో అదే బొరియ బిందువుకు కొన్ని మీటర్ల కింద కూడా కనిపించింది. అయినా హద్దు కిందికి జరగలేదు. శిలాజం ఆ చోటును ఎంచడానికి తోడ్పడింది, ఎంచాక హద్దు రాతిదే. ఈ పద్ధతిలోని బలమూ, విమర్శకులు ఎత్తిచూపే బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

మైషాన్. చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలోని ఈ రాతి గనిలో పెర్మియన్ ముగిసి ట్రయాసిక్ మొదలవుతుంది. జీవుల మహావినాశాల్లో అతి పెద్దది ఆ కాలానిదే. 27సి పొరలో హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ తొలిసారి కనిపించే చోటును 2001లో హద్దుగా ఆమోదించారు. పోటీలో నిలిచిన ఛేదాల్లో శ్రీనగర్ దగ్గరి ఖున్‌మోహ్ గ్రామం వద్దనున్న గుర్యుల్ వాగు ఒకటి. మైషాన్ కన్నా అక్కడ పొరలు మందంగా ఉన్నాయి. కశ్మీర్‌లోని పరిస్థితుల వల్ల విదేశీ బృందాల రాకపోకలు కష్టమవడం దాని అవకాశాలను తగ్గించింది.

మైషాన్‌లో అసలు వినాశం హద్దుకు రెండు పొరల కిందే మొదలైంది. బూడిద పొరల్లోని జిర్కాన్ స్ఫటికాలను యురేనియం–సీసం పద్ధతిలో కొలిచి, వినాశం 25 కోట్ల 19 లక్షల 41 వేల ఏళ్ల నాడు మొదలైందనీ, సుమారు 60 వేల ఏళ్లలో ముగిసిందనీ లెక్క కట్టారు. హద్దు గీత ఆ రెండు తేదీల నడుమ పడింది. చనిపోయినవారి లెక్కతో కాక, తరవాత వచ్చిన చిన్న జీవి రాకతో కొత్త యుగం మొదలైంది.

ఎల్ కెఫ్. ట్యునీషియాలోని ఈ ఛేదం క్రెటేషియస్ యుగానికి, అంటే డైనోసార్ల కాలానికి ముగింపు. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి నల్లమట్టి పొర అడుగున తుప్పు రంగులో కొన్ని మిల్లీమీటర్ల సన్నని చార ఉంది. దానిలో ఇరిడియం అధికం. భూమి పైపొరల్లో అరుదైన ఈ లోహం ఉల్కల్లో ఎక్కువ. ఇటలీలోని గుబ్బియోలో ఇలాంటి పొరనే పరిశీలించి లూయీ, వాల్టర్ ఆల్వారెజ్ తండ్రీకొడుకులు, ఫ్రాంక్ ఆసారో, హెలెన్ మిషెల్ 1980లో గ్రహశకలం ఢీకొన్నదని ప్రతిపాదించారు. హద్దుకు కింద గ్లోబోట్రంకానా వంటి పెద్ద, అలంకారమైన గుల్లలుంటాయి. పైన పార్వులారుగోగ్లోబిజెరినా యుగుబినా అనే అతి చిన్న గుల్ల వస్తుంది. దాని పేరు పలకడానికి పట్టే శ్రమంతా దాని చిన్నతనానికి పరిహారమేమో. యుగుబినా అన్నమాట గుబ్బియో పాత పేరు నుంచి వచ్చింది.

జాతులు ఒక్కసారిగా పోయాయా, మెల్లగా పోయాయా అన్న తగవు తేల్చడానికి 1990లలో ఎల్ కెఫ్ నమూనాలను, ఏది ఏ పొరలోదో చెప్పకుండా, నలుగురు నిపుణులకు ఇచ్చారు. 1997లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండు పక్షాలూ తామే గెలిచామని ప్రకటించుకున్నాయి.

తేదీ వేయడం

శిలాజాలు ముందువెనుకలు చెబుతాయి, ఏళ్లు చెప్పవు. ఏళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి పైన చెప్పిన బూడిద పొరలు. రెండోది భూమి కక్ష్యలోని మార్పులు. అక్షం ఊగడం, వాలడం, కక్ష్య సాగడం సుమారు 21 వేలు, 41 వేలు, లక్ష, 4 లక్షల 5 వేల ఏళ్ల ఆవృతుల్లో జరుగుతాయి. వాతావరణం వాటిని అనుసరించి మారుతుంది, సముద్రపు బురద రంగూ మారుతుంది. సిసిలీ దక్షిణ తీరపు తెల్లని చరియల్లో ఈ మార్పులు చారల గళ్ల దుప్పటిలా కనిపిస్తాయి. చారలను లెక్కపెట్టి, ఖగోళ గణితంతో సరిచూసి, ప్లయోసీన్ 53 లక్షల 33 వేల ఏళ్ల నాడు మొదలైందని తేల్చారు. 1968 నుంచి గ్లోమర్ చాలెంజర్, 1985 నుంచి 2024 దాకా జాయిడెస్ రిజల్యూషన్ నౌకలు మహాసముద్రాల అడుగు నుంచి తీసిన మట్టి స్తంభాలు ఈ లెక్కలకు బలమిచ్చాయి.

గోదావరి తీరపు సాక్ష్యం

రాజమహేంద్రవరం చుట్టుపక్కల కాతేరు, పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాల్లో రోడ్డు కంకర కోసం నల్లరాతి క్వారీలు తవ్వుతుంటారు. ఆ రాయి దక్కన్ లావా. పడమటి కనుమల వైపు పుట్టి లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి సముద్ర తీరానికి చేరింది. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి లెక్కకు వస్తాయి. కింది లావాకూ పై లావాకూ నడుమ ఆల్చిప్పలున్న సున్నపురాతి, మట్టి పొరలు చిక్కుకున్నాయి. కింది లావాకు దిగువన కూడా టరిటెల్లా అనే మరచుట్టు గుల్లలున్న సముద్రపు పొరలున్నాయి.

నేల మీద పరుచుకున్న దక్కన్ లావాలో సముద్రపు శిలాజాలు దొరకడం అరుదు కాబట్టి ఈ క్వారీలకు విలువ ఎక్కువ. గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించిన పరిశీలనలో కింది లావా మీద, లావాల నడిమి పొరలో, డైనోసార్లు పోయిన నాటి వినాశం తరవాత పుట్టిన తొలి ఫొరామినిఫెరాలు కనిపించాయి. కాబట్టి కింది లావా పారడం ముగిసిన సమయం క్రెటేషియస్ ముగిసే హద్దుకు చాలా దగ్గరని వారు తేల్చారు. డెల్టాలో ఓఎన్‌జీసీ తవ్విన బావుల నమూనాలనూ తరవాత పరీక్షించారు. వినాశానికి లావాయే ప్రధాన కారణమన్న ఆ బృందం వాదనను అందరూ ఒప్పుకోలేదు. 2019లో రెండు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో పడమటి లావాలకు తేదీలు వేశాయి. ఒక బృందం హద్దుకు ముందే పెద్ద ఉద్గారం వచ్చిందంది. లావాలో అధిక భాగం తరవాతే పారిందని రెండోది చెప్పింది.

సముద్రం చెప్పలేని చోట్లు

శిలాజాలు లేని కాలానికి ఈ పద్ధతి పనిచేయదు. కడప బేసిన్‌లోని వేంపల్లె సున్నపురాళ్లలో సూక్ష్మజీవుల చాపలు కట్టిన స్ట్రొమాటొలైట్లు ఎన్నో ఉన్నాయి. అవి కోట్ల ఏళ్లపాటు ఒకేలా ఉండటంతో కాలాన్ని విడదీయడానికి పనికిరావు. పులివెందుల దగ్గర పొరల నడుమకు చొరబడిన అగ్నిశిలకు యురేనియం–సీసం పద్ధతిలో 188 కోట్ల 50 లక్షల ఏళ్లని తేదీ వేశాకే అక్కడి పొరల వయసుకు ఆధారం దొరికింది. అంతటి పాత కాలపు హద్దులను ఎక్కువగా గుండ్రటి అంకెలతోనే నిర్ణయించారు. ఉదాహరణకు ప్రొటెరొజోయిక్ 250 కోట్ల ఏళ్ల దగ్గర మొదలవుతుంది. ఎడియాకరన్ యుగం ఒక్కదానికి దక్షిణ ఆస్ట్రేలియాలో, హిమయుగం ముగిశాక ఏర్పడిన సున్నపు పొర అడుగున, 2004లో మేకు దొరికింది.

అతి సమీప కాలానికి సముద్రపు బురద మరీ నిదానం. 11,700 ఏళ్ల నాటి హోలోసీన్ ఆరంభాన్ని గ్రీన్‌లాండ్ మంచు స్తంభంలో గుర్తించారు. 4,200 ఏళ్ల నాటి దశకు 2018లో మేఘాలయలోని మామ్లూ గుహలోని సున్నపు స్తంభం ప్రామాణికమై, మేఘాలయన్ అన్న పేరు తెచ్చింది.

మార్పులు, వివాదాలు

హద్దులు ఎన్నటికీ మారవని అనుకోకూడదు. ప్లైస్టొసీన్ ఆరంభం ఇటలీలోని వ్రికా దగ్గర 18 లక్షల 6 వేల ఏళ్లుగా ఉండేది. మంచు యుగాల అసలు ఆరంభం అంతకన్నా ముందని వాదించినవారి మాట 2009లో నెగ్గింది. ఆ ఆరంభాన్ని సిసిలీలోని మోంతె సాన్ నికోలా ఛేదానికి, అంటే 25 లక్షల 80 వేల ఏళ్లకు దించారు. ఒక్క ఓటింగుతో ప్లయోసీన్ ఏడు లక్షల ఏళ్లకు పైగా కోల్పోయింది. మానవ ప్రభావ యుగం ‘ఆంత్రొపొసీన్’ కోసం కెనడాలోని క్రాఫర్డ్ సరస్సు అడుగు బురదను కార్యబృందం ఎంచింది. 2024లో ఉపకమిషన్ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది.

కేంబ్రియన్ నుంచి నేటి దాకా ఉన్న సుమారు నూరు దశల్లో నాలుగింట మూడొంతులకు పైగా మేకులు ఖరారయ్యాయి. తేలనివాటిలో క్రెటేషియస్ అడుగు అన్నిటికన్నా పెద్దది. ఆ కాలంలో ఉత్తర సముద్రాల అమోనైట్లు, దక్షిణాన టెథిస్ అనే ప్రాచీన సముద్రపు అమోనైట్లు కలవకుండా వేరువేరుగా ఎదిగాయి. రెంటికీ జత కలిపే ఒక్క జాతి కోసం జురాసిక్ యుగం ముగింపు ఇంకా ఎదురుచూస్తోంది.